చిత్రగుప్తుడి కొత్త చిట్టా

మొన్న వేసవి సెలవుల్లో మా మేనల్లుడు ఒక ఆటలో పాపాత్ముడయినాడు.

వాడు ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. మా యింట్లో ఉన్న పదిహేను రోజులూ పగలు నిద్రపోయి రాత్రి కంప్యూటరు ముందు కూచునేవాడు. ఒక రాత్రి బల్ల మీద గుద్దిన చప్పుడుకి నేను లేచి వెళ్లాను. "మామయ్యా, నువ్వు కాలేజీలో నీతిశాస్త్రం చెబుతావు గదా. ఇది న్యాయమేనా చెప్పు" అన్నాడు.

జరిగిందేమంటే, ఆ ఆట పేరు ఫాల్అవుట్ 3. అమెరికాలో బెథెస్డా అనే కంపెనీ 2008లో విడుదల చేసింది. అణుయుద్ధంలో ప్రపంచం బూడిదయి రెండువందల ఏళ్లు గడిచాక, 2277లో, వాషింగ్టన్ నగరపు శిథిలాల మధ్య కథ నడుస్తుంది. ఆడేవాడు ఒక పాత్ర ధరించి ఆ శిథిలాల్లో తిరుగుతాడు. అక్కడ టెన్‌పెన్నీ టవర్ అని ఒక పెద్ద మేడ ఉంది. డబ్బున్నవాళ్లు గోడ కట్టుకుని, తుపాకులతో కాపలా పెట్టుకుని అందులో ఉంటారు. గోడ బయట, భూగర్భంలో పాత రైలు సొరంగాల్లో మరికొందరుంటారు. అణుధార్మికత సోకి, చర్మం ఊడిపోయి కూడా చావకుండా బతుకుతున్న మనుషులు వీళ్లు. వీళ్లని గూల్స్ అంటారు. తమని కూడా ఆ మేడలో ఉండనిమ్మని, అద్దె ఇస్తామని వాళ్లడుగుతారు. కాపలాదారు మాత్రం వాళ్లని చంపి వస్తే డబ్బిస్తానంటాడు.

మావాడు చంపలేదు. మేడలో ప్రతి ఇంటికీ వెళ్లి బతిమాలి, వాదించి, నానా తంటాలూ పడి రెండు పక్షాలనీ ఒప్పించాడు. గూల్స్ మేడలోకి వచ్చారు. అందరూ కలిసి బతుకుతున్నారు. మావాడు తృప్తిగా వేరే పని మీద వెళ్లి కొన్నాళ్లకి తిరిగి వచ్చి చూస్తే, మేడలో పాతవాళ్లు ఒక్కరూ లేరు. గూల్స్ నాయకుడు రాయ్ ఫిలిప్స్ వాళ్లందరినీ చంపించాడు. అదేమని అడిగితే చెత్త ఊడ్చిపారేసినట్టు తేలిగ్గా మాట్లాడాడు. మావాడు కోపం పట్టలేక వాణ్ణి కాల్చాడు. వెంటనే తెర మీద అక్షరాలు పడ్డాయి: నీ కర్మ తగ్గింది.

"వాడు అంతమందిని చంపితే ఏమీ లేదు, నేను వాణ్ణి చంపితే పాపం వచ్చింది. ఎవరు రాశారు మామయ్యా ఈ లెక్క?" అన్నాడు మావాడు.

నేను ఆ రాత్రి జవాబు చెప్పలేకపోయాను. తర్వాత రెండు నెలలు ఆ ఆట, దానిలాంటివి మరికొన్నీ ఆడాను. యాభై ఏళ్లు దాటిన అధ్యాపకుడికి ఇదేం పనని మిత్రులు ఎగతాళి చేశారు. నా తరగతిలో నవలలు చదివే కుర్రాళ్లకంటే ఈ ఆటలు ఆడే కుర్రాళ్లే ఎక్కువ. ఒకప్పుడు నవల చేసిన పని, అనగా ఇంకొకడి స్థానంలో నిలబడి ఏం చెయ్యాలో ఆలోచించుకోవటమనే పని, ఇప్పుడు వీటిలో జరుగుతున్నది. కాబట్టి సాహిత్య విమర్శకి ఇవి అంటరానివని నేను అనుకోను.

ముందుగా ఈ లెక్క ఎక్కడ పుట్టిందో చూద్దాం. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటని అచ్చువేశారు. అది కంప్యూటరు ఆట కాదు. నలుగురు కూచుని, కాగితాలూ పాచికలూ పెట్టుకుని, తలా ఒక పాత్ర ధరించి ఆడేది. అందులో ప్రతి పాత్రకీ ఒక పక్షం ఉంటుంది: క్రమం, తటస్థం, అరాచకం. పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్కాక్ అనే కాల్పనిక రచయితల నవలల్లో నుంచి ఎత్తుకున్న భావమిది. 1978 నాటికి దీనికి మంచి, చెడు అనే రెండో గీత అడ్డంగా చేర్చారు. మూడు మూళ్లు తొమ్మిది గళ్లయినాయి. చట్టబద్ధ సజ్జనుడు ఒక మూల, అరాచక దుష్టుడు ఎదురు మూల. దీన్ని ఇంగ్లీషులో అలైన్‌మెంట్ అంటారు. నేను శీల నిర్ణయం అంటాను.

ఈ తొమ్మిది గళ్ల పటాన్ని వెక్కిరించటం తేలిక. కాని అందులో మెచ్చుకోదగింది ఒకటుంది. చట్టం వేరు, మంచి వేరు అని అది ఒప్పుకుంటున్నది. చట్టబద్ధంగా దుష్టుడయినవాడికి అందులో ఒక గడి ఉంది. దస్తావేజు చేతిలో పెట్టుకుని, కోర్టు అమీనాని వెంటబెట్టుకుని పంట జప్తుకి వచ్చే ఆసామీని ఏ గడిలో పెట్టాలో అందరికీ తెలుస్తుంది. మన పాఠ్యపుస్తకాలు ఈమాత్రం కూడా ఒప్పుకోవు. చట్టాన్ని పాటించేవాడే సత్పౌరుడని అవి పిల్లలకి చెబుతాయి.

చిక్కు మరోచోట ఉంది. ఈ గళ్లు మనిషి చేసిన పనికి కాక పుట్టుకకి కూడా అతికించారు. 1977లో వచ్చిన భూతప్రాణుల గ్రంథంలో ఓర్క్ అనే జాతి మొత్తానికీ చట్టబద్ధ దుష్టులని రాసి ఉంది. 2000 సంవత్సరపు కూర్పులో అదే ఓర్క్ సాధారణంగా అరాచక దుష్టుడట. ఇరవైమూడేళ్లలో ఆ జాతిలో ఏ విప్లవం వచ్చి చట్టం పోయిందో పుస్తకం చెప్పదు. దుష్టత్వం మాత్రం పోలేదు. ఎందుకు దుష్టులు? వాళ్ల పొలాలెవరు లాక్కున్నారు, వాళ్లు కొండలెక్కి గుహల్లో ఎందుకు బతుకుతున్నారు, ఊళ్ల మీద ఎందుకు పడుతున్నారు? ఈ ప్రశ్నలకి అక్కడ తావు లేదు. ఆటకి చంపదగినవాళ్లు కావాలి. చంపినప్పుడు మనసు నొచ్చకుండా ఉండాలి. శీల నిర్ణయం చేసే మొదటి సేవ ఇదే.

మరి ఓర్క్ పిల్లలు చేతికి చిక్కితే? ఈ ప్రశ్న ఆడేవాళ్లని చాలా ఏళ్లు వేధించింది. 2005లో కొందరు గైగాక్స్‌నే అడిగారు. చట్టబద్ధ సజ్జనుడు అలాంటి బందీలని చంపటం తప్పు కాదని ఆయన సమర్థించాడు. పేనుగుడ్లే పేలవుతాయనే అర్థం వచ్చే ఒక పాత మాటని కల్నల్ చివింగ్టన్ పేరుతో సహా ఉదహరించాడు. ఈ చివింగ్టన్ ఎవరు? 1864లో కొలరాడోలో శాండ్ క్రీక్ దగ్గర షాయెన్, అరాపహో జాతుల గుడారాల మీద సైన్యంతో పడి, స్త్రీలనీ పిల్లలనీ ముసలివాళ్లనీ నరికించినవాడు. కాల్పనిక జాతి కోసం రాసిన నీతికి ఆధారం వెతికితే నిజమైన జాతి రక్తం కనబడింది. గైగాక్స్ క్రూరుడని నేననటం లేదు. ఆట కోసం పుట్టిన ఒక సౌకర్యం తన తాతముత్తాతల పేరు తానే చెప్పుకున్నదంటున్నాను.

ఈ సంగతి చదివినప్పుడు నాకు బాపట్ల దగ్గరి స్టువర్ట్‌పురం జ్ఞాపకం వచ్చింది. నేరస్థ జాతుల చట్టం 1871లో ఉత్తరాదిన పుట్టి 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. 1913లో ఎరుకల కుటుంబాలని తెచ్చి స్టువర్ట్‌పురం సెటిల్‌మెంటులో ఉంచి, నిర్వహణని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. అప్పటికి దొంగతనం చేసినవాడికీ చెయ్యనివాడికీ, కడుపులో ఉన్న బిడ్డకీ ఒకటే గడి. రైళ్లొచ్చి, ఉప్పూ ధాన్యమూ గాడిదల మీద మోసి అమ్ముకునే బతుకు పోయిన జాతి ఇది. ఆ కథ పోలీసు రిజిస్టరులో పట్టదు. చట్టం 1952లో రద్దయింది. ఊరి పేరు చెబితే కనుబొమలెత్తటం మాత్రం రద్దు కాలేదు. ఓర్క్‌ల జాతి మొత్తాన్నీ దుష్టులుగా చూపటం మానుకుంటామని ఆ ఆట కంపెనీ 2020లో ప్రకటించింది. మంచిదే. ఒక కల్పిత జాతికి న్యాయం జరగటానికి నలభై ఏళ్లు దాటింది.

ఇప్పుడు మావాడి ఆటకి వద్దాం. అందులో పుట్టుకని బట్టి శీలం లేదు. చేసిన పనిని బట్టి కర్మ పెరుగుతుంది, తరుగుతుంది. కర్మ అన్నమాట మనదే. 1985లో రిచర్డ్ గారియట్ చేసిన అల్టిమా 4 అనే ఆటలో కథానాయకుణ్ణి అవతార్ అంటారు, అదీ మనదే. ఆ ఆటని పూర్తిగా తీసిపారెయ్యలేను. అందులో చంపవలసిన మహారాక్షసుడెవడూ లేడు, ఎనిమిది సద్గుణాలు అలవరచుకోవటమే గమ్యం. మూలికలమ్మే గుడ్డిమనిషికి డబ్బు నువ్వే లెక్కపెట్టి ఇవ్వాలి. తక్కువ ఇచ్చినా ఎవరూ ఏమీ అనరు. చాలా కాలం తర్వాత ఎక్కడో లెక్క తేలుతుంది.

ఫాల్అవుట్ 3లో అంత ఓపిక లేదు, లెక్క అప్పటికప్పుడే తేలుతుంది. ఆ లెక్కలో అన్నిటికంటే నమ్మకంగా పనిచేసే సూత్రం ఏమిటని నేను రెండు నెలలు గమనించాను. అది ఆస్తి హక్కు. ఎవరిదైనా వస్తువు మీద దృష్టి పెడితే పేరు ఎర్ర అక్షరాల్లో కనిపిస్తుంది. తీస్తే కర్మ తగ్గుతుంది. చీకట్లో, ఎవరూ చూడకుండా, ఆకలితో తీసినా తగ్గుతుంది. రెండువందల ఏళ్ల కిందట ప్రభుత్వం నశించింది, కోర్టులు నశించాయి, రూపాయి కాగితం లాంటిది నశించి జనం సీసా మూతలతో వ్యాపారం చేసుకుంటున్నారు. రిజిస్ట్రారాఫీసు మాత్రం నశించలేదు. దారిలో బందిపోట్లని కాల్చి, వాళ్ల ఒంటిమీది చొక్కాతో సహా ఒలుచుకుంటే దొంగతనం కాదు.

అదే ఆటలో ఒక ఊరి నడుమ పేలని అణుబాంబు ఉంది. ఆ ఊరు తన మేడ కిటికీలోంచి చూడటానికి అసహ్యంగా ఉందని టెన్‌పెన్నీ అనే ఆసామీ దాన్ని పేల్చమని మనిషిచేత డబ్బిప్పిస్తాడు. డబ్బుకి ఆశపడి పేల్చావనుకో, ఊరు ఊరంతా మాడిపోతుంది, కర్మ పాతాళానికి పోతుంది. తర్వాత? దాహమని అడిగే బిచ్చగాడికి మంచినీళ్ల సీసా ఇస్తే కర్మ పెరుగుతుంది. సీసా తర్వాత సీసా ఇస్తూ కూచుంటే ముల్లు మెల్లగా పైకి జరిగి, ఊరిని కాల్చినవాడు మళ్లీ ధర్మాత్ముడవుతాడు. ఇది చూసి నవ్వుకున్నాను గాని, నవ్వటానికి మనకేం హక్కుంది? భాగవతం ఆరవ స్కంధంలో అజామిళుడు జీవితమంతా పాపాలు చేసి, చచ్చేముందు కొడుకుని నారాయణా అని పిలిచి యమభటుల్ని తప్పించుకున్నాడు. ధనవంతులు చలివేంద్రాలు ఎందుకు పెడతారో మనకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. అంకెలో చేర్చిన మరుక్షణం పాపం ఎవరి మీద జరిగిందో వాళ్లు మాయమవుతారు. మిగిలేది చేసినవాడి నిలవ. చచ్చిన ఊరికీ నీళ్లు తాగిన బిచ్చగాడికీ ఏ సంబంధమూ లేదు. అయినా వాడి దాహంతో వీళ్ల బాకీ చెల్లిపోతుంది.

టెన్‌పెన్నీ టవర్ కథలో ఇంకొక సంగతి ఉంది. దాన్ని మావాడు గమనించలేదు. గోడ బయటివాళ్లు లోపలికి రావాలని అడగటం న్యాయం. ఆ న్యాయానికి ఆట ఏ ముగింపు ఇచ్చింది? లోపలికి రానిస్తే గొంతులు కోస్తారని. ఔదార్యం ప్రమాదమనీ, గోడ కట్టినవాడి భయం సకారణమనీ చెప్పే కథ ఇది. ఆ ముగింపు వాస్తవికమనేవాళ్లున్నారు. పీడితులు దేవదూతలు కారు, నిజమే. అయితే అలా జరగటానికి మేడలో కారణాలు చూపించాలి. కలిసి బతికిన ఆ కొద్దిరోజుల్లో ఎవరు ఎవర్ని ఏమన్నారు, అద్దె ఎవరు పెంచారు, ఏ తలుపు ఎవరికి మూసుకుంది? ఆ రోజులు ఆటలో లేవు. మనం బయటికి వెళ్లి వస్తాం, శవాలుంటాయి. ఉండవలసిన కథని ఎత్తేసి, దాని స్థానంలో ముల్లుని పెట్టారు.

చెయ్యాలని తలచుకుంటే ఈ ఆటలు కథ చెప్పలేవా అంటే, చెప్పగలవు. 1999లో వచ్చిన ప్లేన్‌స్కేప్: టార్మెంట్ నేను ఆడినవాటిలో సాహిత్యానికి బాగా దగ్గరగా ఉంది. అందులో నాయకుడికి చావు లేదు. చంపినా లేస్తాడు, తన గతం మరిచిపోయి ఉంటాడు. శవాగారంలో కళ్లు తెరిచేసరికి వాడి శీలపు ముల్లు సరిగ్గా నడిమధ్య ఉంటుంది. ఏమీ చెయ్యని, ఏమీ ఎరగని శుద్ధ తటస్థుడు. కాని ఆ తర్వాత ఒక్కొక్కరే ఎదురవుతారు. నన్ను ప్రేమిస్తున్నానని నమ్మించి చావుకి అప్పజెప్పావని ఒక ఆడదాని ఆత్మ ఏడుస్తుంది. అది చేసింది వాడే, వాడికి జ్ఞాపకం లేదు. లెక్క సున్నా దగ్గరుంది, బాకీలు లోకం నిండా ఉన్నాయి. ఎవరి పొలంలో ఎవరి తాత చెమట ఉందో ఎరగక, "నేనెవరికీ ఏ అన్యాయమూ చెయ్యలేదు" అనే సజ్జనులందరూ ఈ సున్నా దగ్గరే లేస్తారు. ఆ ఆట రాసినవాళ్లకి ఈ సంగతి తెలుసు, వాళ్లు వాడుకున్న ముల్లుకి తెలియదు.

అందులోనే మరో విచిత్రం. నాయకుడు ఏం జవాబివ్వాలో ఎంచుకునేచోట ఒకే వాక్యం రెండుసార్లు రాసి ఉంటుంది. ఒకదాని ముందు నిజం అని, మరొకదాని ముందు అబద్ధం అని. "నీకు సాయం చేస్తాను" అన్నమాటని నువ్వు ఏ మనసుతో అంటున్నావో యంత్రానికి ముందే చెప్పాలి. మొదట నాకిది హాస్యంగా తోచింది. తర్వాత జాలేసింది. పనిని మాత్రమే చూడగలిగిన చిత్రగుప్తుడు తన అసహాయత ఒప్పుకుని, ఉద్దేశం ఏమిటో నువ్వే చెప్పవయ్యా అని ముద్దాయినే అడుగుతున్నాడు. నేనయితే ఆ రెండు వాక్యాల మధ్య చాలాసేపు ఆగిపోయాను. సాయం చేస్తానన్నప్పుడు నిజంగా చేద్దామనే ఉంటుంది, రేపు కష్టమయితే చెయ్యకపోవచ్చునని లోపల తెలిసీ ఉంటుంది. దానికి మూడో వాక్యం ఉండాలి, లేదు. మన వాగ్దానాల్లో ఎక్కువ భాగం ఆ మూడో రకమే.

మిగతా పేరుపొందిన ఆటల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. స్టార్ వార్స్ కథతో 2003లో వచ్చిన దాంట్లో వెలుగు పక్షానికి జరిగినకొద్దీ వెలుగు శక్తులు చవకవుతాయి. మాస్ ఎఫెక్ట్ వరసలో మంచికి నీలం, మొరటుతనానికి ఎరుపు. 2010లో వచ్చిన రెండో భాగంలో గట్టి మాటలతో ఎదుటివాణ్ణి ఒప్పించాలంటే మొదటినుంచీ ఒకే రంగు పట్టుకుని ఉండాలి. ఒక్కో సందర్భాన్ని దాని మంచిచెడ్డల్ని బట్టి ఆలోచించినవాడికి రెండు తలుపులూ మూసుకుంటాయి. పాత్ర శాతవాటా చూసుకోవటమే ఇక ఆలోచన. బయోషాక్ అనే 2007 నాటి ఆట కాస్త వేరే జాతిది గాని, ముచ్చట కోసం చెబుతున్నాను. అందులో చిన్నపిల్లల్ని చంపి వాళ్ల ఒంట్లోని పదార్థాన్ని తీసుకుంటే తలకి 160, కాపాడితే 80. కాపాడిన ప్రతి ముగ్గురికీ 200 బహుమానం. లెక్క కట్టి చూడండి: ముగ్గురిని చంపితే 480, కాపాడితే 440. ముగ్గురు పిల్లల ప్రాణాల మీద మనం చేసే త్యాగం నలభై!

మాస్ ఎఫెక్ట్ తయారుచేసినవాళ్లలో ఒకరు 2020లో ఒక సంగతి బయటపెట్టారు. ఆడినవాళ్లలో నూటికి 92 మంది మంచి పక్షమే పట్టారట. చెడ్డ పక్షం కోసం వాళ్లు పడ్డ శ్రమ చూసినవాళ్లు తక్కువ. మనిషి స్వభావతః మంచివాడని దీన్నుంచి తేల్చేవాళ్లున్నారు. నాకు అంత ధైర్యం లేదు. ఆ ఆటల్లో చెడు ఎలా ఉంటుంది? కారణం లేకుండా తిట్టటం, దెబ్బలాడటం, బతిమాలుతున్నవాణ్ణి తన్నటం. అలాంటి చెడు ఎవరిక్కావాలి? మనం చేసే చెడు ఎర్ర అక్షరాల్లో కనిపించదు. వివేకంలాగా, జాగ్రత్తలాగా, పై అధికారి పట్ల మర్యాదలాగా కనిపిస్తుంది.

ఈ మాటలన్నీ నేను మావాడితో ఫోనులో అన్నాను. వాడు విని, "నువ్వు చెప్పేది బాగానే ఉంది మామయ్యా, కాని యంత్రానికి అంకె తప్ప ఏం తెలుస్తుంది? అంకె వద్దంటే ఆటే వద్దనాలి" అన్నాడు. మంచి ప్రశ్న. నాలుగు రోజులు నా దగ్గర జవాబు లేదు. తర్వాత వాడే ఇంకొక ఆట పంపించాడు.

దాని పేరు పేపర్స్, ప్లీజ్. లూకస్ పోప్ అనే ఒక్క మనిషి చేసి 2013లో విడుదల చేశాడు. ఒక కల్పిత దేశపు సరిహద్దులో పాస్‌పోర్టులు తనిఖీ చేసే గుమాస్తా పాత్ర మనది. సరిగ్గా తేల్చిన ఒక్కో మనిషికీ 5 చొప్పున కూలి. సాయంత్రం ఇంటికి పోతే అద్దె, తిండి, చలికి వెచ్చదనం, జబ్బు చేసినవాళ్లకి మందు. డబ్బు చాలదు. ఎవరికి మందు మానాలో తేల్చుకోవాలి. ఒకరోజు ఒకతను వస్తాడు, కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి. నా వెనక నా భార్య ఉంది, కాస్త దయచూడండి అని చెప్పి వెళతాడు. ఆమె దగ్గర ప్రవేశపత్రం లేదు. వెనక్కి పంపితే చంపేస్తారంటుంది. రోజుకి రెండు తప్పుల వరకూ మందలింపుతో పోతుంది, మూడో తప్పునుంచి జరిమానా. అప్పటికి నేనెన్ని తప్పులు చేశానో లెక్కపెట్టుకున్నాను. ఆమె ముఖం చూడటానికి ముందు తప్పుల లెక్క చూశాను. అందులో మంచికీ చెడుకీ ముల్లు లేదు. నీ కర్మ తగ్గిందని ఎవరూ అనరు. కాని నేనెవరో నాకు తెలిసింది.

కాబట్టి అంకె దోషం కాదు. పేపర్స్, ప్లీజ్‌లో కూడా అన్నీ అంకెలే. ఆకలికి అంకె ఉంది, అద్దెకి అంకె ఉంది, అధికారి కోపానికి అంకె ఉంది. అంకె వెయ్యనిది శీలానికొక్కదానికే. ఫాల్అవుట్‌లో శీలానికి అంకె ఉంది, మంచి చేసినవాడికి ఆ మంచి ఎంత ఖరీదయిందో చెప్పే అంకె లేదు. ఏ అవసరాల మధ్య, ఎవరి పెత్తనం కింద, ఏం పోగొట్టుకోవటానికి సిద్ధపడి మనిషి ఒక పని చేశాడో చూపగలిగితే తీర్పు చెప్పే పని ఆటకి ఉండదు. ఆడేవాడు తనకి తానే చెప్పుకుంటాడు.

మన వామపక్ష మిత్రులు చాలామంది మెచ్చుకునే ఆట ఇంకొకటుంది, డిస్కో ఎలిసియం. ఎస్టోనియా రచయితలు కొందరు కలిసి 2019లో తెచ్చారు. ఆ ఏడాది బహుమతి ప్రదాన సభలో వేదిక మీద మార్క్స్, ఎంగెల్స్‌లకి కృతజ్ఞత చెప్పినవాళ్లు వీళ్లే. ఓడిపోయిన విప్లవం, దాన్ని అణిచిన విదేశీ సేనలు, రేవు కార్మికుల సమ్మె, వాటి మధ్య తాగి మతిపోయిన ఒక పోలీసు ఉద్యోగి. అందులో మంచి చెడు అనే గళ్లు లేవు, రాజకీయ పక్షాలున్నాయి. ఆ పోలీసు కమ్యూనిస్టు మాటలు మాట్లాడుతూ పోతే ఆ భావజాలం తలలో స్థిరపడి, అప్పటినుంచి ఎడమపక్షపు మాట అన్నప్పుడల్లా అనుభవం కింద 4 మార్కులు పడతాయి. సమ్మెకి వాడు చేసిందేమిటో ఎవరూ అడగరు. మాటకి నాలుగు! రాసినవాళ్లు కావాలనే వెక్కిరించారని నాకు తెలుసు. ఆ వెక్కిరింత ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది. రచయితల్ని అభ్యుదయం, తిరోగమనం అని రెండు గళ్లలో సర్ది, మధ్య నిలబడ్డవాణ్ణి అవకాశవాది అని మూడో గడిలో పారేసి, నినాదానికి నాలుగు మార్కుల చొప్పున వేసిన విమర్శలు నేనూ రాశాను.

ఇంతకంటే బరువైన విషయం ఒకటి చెప్పుకోవలసి ఉంది.

మూడేళ్ల కిందట మా కాలేజీ హాస్టల్లో అన్నంలో పురుగులు వస్తున్నాయని పిల్లలు ఒకరోజు మెస్సు మానేసి గేటు ముందు కూచున్నారు. ముందు నిలబడి మాట్లాడింది ఆఖరి ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి. నా విద్యార్థిని. ఆ ఏడాది చివర స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్లు సంతకానికి నా దగ్గరికి వచ్చాయి. ప్రవర్తన అనే గడిలో మామూలుగా అందరికీ గుడ్ అని రాస్తాం. ఆ నలుగురికీ శాటిస్‌ఫ్యాక్టరీ అని రాయమని పైనుంచి మాట వచ్చింది. కాగితం మీద రాలేదు, మాటగా వచ్చింది. నేను రాశాను. అది పెద్ద తేడా కాదని, ఎవరూ చూడరని, పిల్లల తరఫున రేపు ఇంకా పెద్ద విషయంలో మాట్లాడాలంటే ఇవాళ ఈ చిన్నదాంట్లో తగువు పెట్టుకోకూడదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ సరిహద్దు గుమాస్తా ఆమెని లోపలికి పంపితే ఇంట్లో జబ్బుపిల్లవాడికి మందు పోతుంది. నాకేం పోయేది? ఇంక్రిమెంటు కూడా పోయేది కాదు.

ఆరు నెలలకి ఆ అమ్మాయి ఫోను చేసింది. ఒక ఇంటర్వ్యూలో ఆ మాట చూసి, మిగతావన్నీ బాగున్నాయి, ఇదేమిటని అడిగారట. "ఏం చెప్పావమ్మా?" అన్నాను. "మా సార్‌కి తెలుసునండీ, ఆయన్ని అడగండి అని చెప్పాను సార్" అన్నది. నన్ను ఎవరూ అడగలేదు. ఆమెకి ఆ ఉద్యోగం రాలేదు. దానికదే కారణమో కాదో నాకు తెలియదు. సర్టిఫికెట్టు మార్చి ఇస్తానన్నాను. రిజిస్టరులో ఉన్నట్టే రెండో ప్రతి ఇవ్వాలని ఆఫీసులో అన్నారు. ఆమెకి ఆ సంగతి చెబితే, "పరవాలేదు సార్, మీరు ఇబ్బంది పడకండి" అన్నది.

టెన్‌పెన్నీ టవర్ సంగతి మావాడు అడిగిన రాత్రి నేను జవాబు చెప్పలేకపోయింది ఇందుకే. ఆ లెక్క ఎవరు రాశారని వాడడిగాడు. అలాంటి లెక్క రాసినవాణ్ణి నేను.

ఈ ఏడాది నుంచి మా కాలేజీలో సర్టిఫికెట్లన్నీ కంప్యూటర్లోనే. ప్రవర్తన అనే చోట నొక్కితే కిందికి మూడు మాటలు జారతాయి. మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఏదీ ఎంచుకోకపోతే ఆ పేజీ ముందుకు కదలదు. నేను ఖాళీగా వదిలి చాలాసార్లు నొక్కి చూశాను. గుమాస్తాని పిలిచి, ఈ మూడు మాటలూ ఎవరు పెట్టారయ్యా అని అడిగాను.

"ఎవరూ పెట్టలేదండీ, సాఫ్ట్‌వేరులో అట్లాగే వచ్చినయ్" అన్నాడు.